చిల్లకల్లులో చూసిన శ్లాబు

ఏవండీ,

మీరు కొన్న నందిగామ స్థలంలో రేపు ఇంటికి ముగ్గు పోస్తున్నారు. మీ తమ్ముడు కుదిర్చిన మేస్త్రి నాకు వరసకు అన్నయ్య. అతను కట్టిన ఇల్లొకటి చూడాలని నేనంటే ఈరోజు తనే వెంటబెట్టుకుని చిల్లకల్లు తీసుకెళ్లాడు.

"మా బావ కట్టిన గోడ ఏనుగొచ్చి గుద్దినా కదలదక్కా" అంది ఆ ఇంటావిడ, అతని ఎదుటే. అతను టీకి వెళ్లగానే నన్ను లోపలి గదిలోకి లాక్కెళ్లింది. శ్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి.

"పిల్లల్ని ఇక్కడ పడుకోబెట్టట్లేదక్కా. అయినోణ్ణి ఏమంటాం?"

తిరుగు బస్సులో అతను, "ఎట్టా ఉంది చెల్లెమ్మా?" అన్నాడు.

"బాగుందన్నయ్యా" అన్నాను.

ఆ శ్లాబు సంగతి మీకొక్కరికే రాస్తున్నాను. పాప మాత్రం కొత్తింట్లో తన మంచం ఏ గదిలో వేయాలో అందరికీ చెబుతోందండీ.