ఎడా పిన్ని వండిన ఆపిల్ పై

టాన్సీ ఫాల్స్, వెర్మాంట్
సెప్టెంబరు 4

కథోత్సవ కమిటీ కార్యదర్శి టటిల్ గారికి, లొరెట్టా పైక్ నమస్కారాలు.

మన ఊరి మీద రాసిన పాత కథలో ఎడా పిన్ని చర్చి విందుకి విషం కలిపిన ఆపిల్ పై కాల్చి తెచ్చి ముగ్గురిని చంపిందంటారు. నేను అద్దెకున్న ఇల్లు అచ్చం కథలో ఇల్లులా ఉందట. అందుకని విందులో నేను కాల్చిన ఆపిల్ పై ఎవరూ ముట్టరు. ఏటా తెచ్చింది తెచ్చినట్టే మోసుకుపోతున్నాను. అక్టోబరు విందు లోపల ఈ ఇంటి సంగతి మీరు నలుగురికీ చెప్పాలి.

ఇట్లు,
లొరెట్టా పైక్

తా.క.: మిగిలినవి మా కోళ్లకి పెడుతున్నాను. ఇప్పుడు గింజలు వేస్తే నా మొహం చూస్తున్నాయి.

*

సెప్టెంబరు 10

అమ్మాయ్ లొరెట్టాకి దీవెనలు.

నీ ఉత్తరానికి కమిటీ చప్పట్లు కొట్టింది. నలుగురికేం, నలభై మందికి చెబుతాం! శనివారం నీ గుమ్మానికి ఫలకం: "ముగ్గురిని చంపిన వంటిల్లు ఇదే." పదింటికి యాత్రికుల బస్సొస్తుంది. మొహమాటపడకు. చీపురు పట్టుకుని కాస్త కోపంగా చూడు, చాలు.

నీ మేలు కోరే
ఆరిన్ టటిల్

తా.క.: చచ్చినవాళ్లు ముగ్గురైతే బస్సు వాళ్లకి ఆనరని కమిటీ ఓటేసి ఏడుగురిని చేసింది.

*

సెప్టెంబరు 17

టటిల్ గారికి,

అది కథేనని చెప్పమన్నాను. బస్సు వాళ్లు నా చిక్కుడు పాదులు తొక్కారు. ఒకావిడ నా పొయ్యి ముందు మోకరిల్లి ఏడ్చింది.

మీరు ఆ కథ చివరిదాకా చదివారా? మన బడి పుస్తకంలో చోటు చాలక, జడ్జీ మరిద్దరూ కింద పడగానే ఆపేశారు. అసలు కథలో ఇంకో పేజీ ఉంది. ముగ్గురూ లేస్తారు. అతిగా తిని పడ్డారు. ఇంకో ముక్క అడుగుతారు. లైబ్రరీ పుస్తకం పంపుతున్నాను. విందులో మీరు చదవకపోతే నేనే చదువుతాను. నాకు నోరు లేదనుకోకండి.

లొరెట్టా పైక్

తా.క.: ఆ పేజీ అంచు అచ్చయినప్పటి నుంచీ అతుక్కునే ఉంది, ఇన్నాళ్లూ ఎవరూ కోయలేదు. కూరగాయల కత్తితో నేనే విప్పాను.

*

అక్టోబరు 1

గౌరవనీయులైన పైక్ గారికి,

చదివాను. ఇరవై ఏళ్లుగా కథోత్సవంలో ఆడే ఈ కథ నాటకంలో ఆ జడ్జి వేషం నాదే. పడటమే నేర్చుకున్నాను, లేవాలని ఎవరూ చెప్పలేదు. ఆ పేజీని కమిటీలో ఓటుకి పెట్టాను. ఓడిపోయింది, బస్సులు ఆగిపోతాయట. పోనివ్వండి. విందులో మా ఆవిడా నేనూ మీ బల్ల దగ్గరే కూర్చుంటాం. ఊరంతా చూస్తుండగా తింటాం.

విధేయుడు,
ఆరిన్ టటిల్

తా.క.: మొదటి ముక్క అవగానే నేను పడిపోవాలని కమిటీ ఆజ్ఞ. కంగారుపడకండి. బస్సు కదిలేదాకా నా రెండో ముక్క మీద మూత పెట్టి ఉంచండి.