అక్క కట్టిన దారం

బోధన్, ఆగస్టు 1999

రేపు హైదరాబాదులో ఉమ్మనీటి పరీక్ష. అక్కలాగే నా బిడ్డకూ డౌన్ సిండ్రోమ్ ఉంటుందేమోనని ఇంట్లో అందరికీ భయం.

"ముందుముందు కడుపుల ఉన్నప్పుడే జీన్లు బాగుచేస్తరట, పేపర్ల రాసిండ్రు," అన్నారు మా ఆయన.

బీడీలకు దారం చుడుతున్న అక్క చేయి ఆగింది. "నాలెక్క పుడ్తదా?" అంది. మొహం వెలిగిపోతోంది.

"నాకియ్యి చెల్లె, నేను ఆడిపిస్త." దిష్టి తగలొద్దని ఆ దారమే తెంపి నా చేతికి కట్టింది.

ఇంకా విప్పలేదు. జీన్లు బాగుచేసే మందు ఇప్పుడే ఎవరైనా ఇస్తే మింగేస్తాను, అబద్ధమెందుకు? కానీ పక్కనే కూర్చున్న అక్క, "గా మందు ఏ రోగానికి చెల్లె?" అని అడిగితే...