తొంభైకీ తొమ్మన్నూరుకీ మధ్య

పీలమేడు,
కోయంబత్తూరు.

అక్క పాదాలకు చెల్లెలు జయ నమస్కారాలు.

నేనిక్కడ క్షేమంగా ఉన్నాను. నువ్వూ బావా ఎలా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా, లేక బియ్యం మూటలు ఇంకా తానే ఎత్తుతానని పంతం పడుతున్నాడా? నీ చెవిలో హోరు ఎలా ఉంది? నిద్ర పడుతోందా? అడిగినవాటన్నిటికీ జవాబు రాయాలి. పోయినసారి మాదిరి "అంతా సౌఖ్యం" అని ఒక్క ముక్కతో దాటేస్తే ఒప్పుకోను.

ఫోన్‌లో నా గొంతు నీకు వినపడదు. మెసేజీ పెడితే దాన్లో నా మొహం కనిపించదంటావు. అందుకే ఈ కాగితం. చిన్నప్పుడు అవ్వ మనిద్దరి చేతా దిద్దించిన అక్షరాలు తప్ప నాకు తెలుగు రాత ఏముంది? బడిలో అంతా తమిళమే కదా. తప్పులుంటే నువ్వు నవ్వుకో, బావకు మాత్రం చూపించకు.

ఇక్కడ గాలి చల్లగా ఉంటుంది. మన తిరుమంగళం ఎండకి అలవాటైన ఒళ్ళు కదా, పొద్దున్నే వణుకు పుడుతోంది. నీళ్ళు మాత్రం తియ్యగా ఉంటాయి, నువ్వు తాగితే వదలవు. హాస్టల్ భోజనం గురించి అడగొద్దు. సాంబారులో పప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. అయినా తింటున్నాను, కడుపు మాడ్చుకోవడం లేదు, బెంగపడకు. ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం కందిపొడి పంపు, మిరపకాయలు కాస్త ఎక్కువే వెయ్యి.

కాలేజీ అంటే నువ్వు పట్నం పిల్లల కాలేజీ అనుకోకు. కమ్యూనిటీ కాలేజీ. మధ్యలో చదువు ఆగిపోయినవాళ్ళు, నా వయసువాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. పొద్దున లెక్కలు, మధ్యాహ్నం మిషను. మిషను మన పెద్ద బీరువా అంత ఉంటుంది, ముందు అద్దం తలుపు. మనం అంకెలు కొడితే చాలు, లోపల పళ్ళున్న కట్టర్ గిర్రున తిరుగుతూ ఇనుమును తొలుస్తుంది. దాని మీద పాలలాంటి నీళ్ళు ధారగా పడుతుంటాయి. ఆ వాసన ఎంత కడిగినా చేతులను వదలదు. గాజులు తీసేసి, జుట్టు టోపీలో దోపుకుంటేనే లోపలికి రానిస్తారు. బోసి చేతులు చూసుకుని మొదటి రోజు బాధేసింది. సాయంత్రం బయటికి రాగానే మళ్ళీ వేసుకుంటున్నానులే, దడుచుకోకు.

లెక్కలు మొదట్లో ఏడిపించాయి. ముప్పాతిక అంటే మనకు తెలుసు. అదే సున్నా, చుక్క, ఏడు, ఐదు అని రాయమంటే చెయ్యి ఆగిపోయింది. మా మాణిక్యం సార్‌కి ఆ చుక్క మీద మహా పట్టింపు. పది అని కొట్టి పక్కన చుక్క పెట్టకపోతే మా మిషను పది మిల్లీమీటర్లు అనుకోదు, వెంట్రుక మందం కూడా జరగదు. బొట్టు పెట్టుకోకుండా గడప దాటితే అవ్వ ఎలా అరిచేదో, చుక్క మరిచిపోతే సార్ అలా అరుస్తాడు. జాకెట్టు కుట్టేటప్పుడు ఒక వేలు వదులు పెట్టినా నడుస్తుంది. ఇక్కడ వదులు అన్న మాటే లేదు.

నన్ను బస్సెక్కిస్తూ నువ్వన్న మాట రోజూ గుర్తొస్తుంది. "పోయి నేర్చుకో. పరీచ్చ తప్పితే మాత్రం మాట్లాడకుండా ఇంటికి వచ్చెయ్. నువ్వు లేకుంటే అంగట్లో ఎవురేమంటారో నాకు చెప్పేది ఎవురు?" అన్నావు. నిజమే. ఇన్నేళ్ళూ మీ అంగడి ముందు జాకెట్లు కుడుతూ, వచ్చినవాళ్ళు అడిగిందల్లా నీకు చేత్తో, పెదాలతో చెప్పినదాన్ని నేనే. పరీక్ష నెగ్గితే ఇక్కడే ఒక పంపుల వర్క్‌షాపులో మిషను మీద పని. తప్పితే ఇంటికి. ఆ పరీక్ష దగ్గర జరిగిన సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మా క్లాసులో చిన్నసామి అన్న అని ఒకాయన ఉన్నాడు. ఒట్టన్‌చత్రం కూరగాయల మండీలో మూటలు మోసి నడుము పోగొట్టుకుని ఈ పనికి వచ్చాడు. ఒకరోజు డబ్బా విప్పి అన్నం తింటూ "ఉప్పు ఎక్కువైపోయె" అని గొణుక్కున్నాడు. తెలుగు! నేను లేచి నిలబడిపోయాను. "మీరు మనోళ్ళా అన్నా?" అన్నాను. ఆ రోజు నుంచి ఇద్దరం ఒకే మిషను దగ్గర జోడీ. నేను కాగితం చూసి చదువుతాను, ఆయన అంకెలు కొడతాడు. మన మాట సంగతి నీకు తెలుసుగా, తెలుగులో బయలుదేరి తమిళంలో తేలుతుంది.

పరీక్షకు వారం ముందు ఇనప దిమ్మ మీద గాడి తీస్తున్నాం. ఫీడ్ అని ఒక అంకె ఉంటుంది, కట్టర్ ఎంత వేగంగా ముందుకు నడవాలో చెప్పేది. నేను చదివాను, ఆయన కొట్టాడు. కట్టర్ పిచ్చెత్తినట్టు దూసుకుపోయి ఇనుములో దిగీ దిగగానే టప్పున విరిగింది. నేను ఎర్ర బటన్ నొక్కేశాను. సార్ పరుగెత్తుకొచ్చి తెర మీద అంకె చూశాడు. తొంభై ఉండాల్సిన చోట తొమ్మిది వందలు.

"యారు పోట్టదు?" అన్నాడు. ఎవరు కొట్టారని.

"నాన్ దాన్ సార్" అన్నాడు చిన్నసామి అన్న, నేనే అని. నా పేరెత్తలేదు. ఇక మిషను ముట్టుకోవద్దని సార్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టాడు. మిషను ముట్టుకోకపోతే పరీక్ష లేనట్టే.

సాయంత్రం టీ అంగడి దగ్గర నాకు కోపం ఆగలేదు. "ఏందన్నా, ఒక సున్నా ఎక్కువ కొడితివే!" అన్నాను.

"నువ్వే కదమ్మా తొమ్మన్నూరు అంటివి!"

"నేనెప్పుడంటి? కాయితంలో ఉండేది తొంబై. తొణ్ణూరు అనే చదివితిని."

"అరవంలోనా? మనం తెలుగులో కదా మాట్లాడతా ఉంటిమి!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అక్కా, తమిళంలో తొణ్ణూరు అంటే తొంభై. మన ఇళ్ళల్లో తొమ్మన్నూరు అంటే తొమ్మిది వందలు. నేను కాగితం చూసి తమిళంలో అన్నాను, ఆయన తెలుగు చెవితో విన్నాడు. కడుపుబ్బ నవ్వాం. తర్వాత ఆయన మెల్లగా "సార్‌తో ఏమీ సెప్పొద్దమ్మా. నిన్నూ ఆపేస్తాడు. నాది పోతే పోనీ" అన్నాడు.

అబద్ధమెందుకు, ఒక క్షణం ఊరుకుందామనే అనిపించింది. నన్నూ ఆపేస్తే ఆ మరుసటి రోజే సంచీ సర్దుకుని నీ ముందు నిలబడాలి. కానీ నా మాట వల్ల ఆయన పరీక్ష పోతుంటే చూస్తూ ఎలా ఊరుకోను? పొద్దున్నే వెళ్ళి సార్‌కి జరిగింది జరిగినట్టు చెప్పేశాను. నమ్మలేదు. మా ఇద్దరినీ నిలబెట్టి రెండు మాటలూ పలకమన్నాడు. పలికాం. మళ్ళీ పలకమన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. సార్ కూడా మీసం కింద నవ్వి, ఆ రోజు నుంచి అందరికీ ఒక కట్టుబాటు పెట్టాడు. ఏ అంకె అయినా విడివిడిగా, తొంభై అయితే ఒంబదు, జీరో అని, అంటే తొమ్మిది, సున్నా అని చదవాలి. విన్నవాళ్ళు దాన్ని గట్టిగా తిరిగి చెప్పాలి. చదివినవాళ్ళు తల ఊపాకే కొట్టాలి. చిన్నసామి అన్నను మళ్ళీ మిషను దగ్గరికి రానిచ్చాడు.

అక్కా, ఇదంతా నీకు ఎందుకు రాస్తున్నానో తెలుసా? నేనింకా అక్కడున్నప్పుడు ఒకరోజు ఎవరో కడలై అడిగితే నువ్వు కడుగు అనుకుని, శనగలకి బదులు ఆవాలు పొట్లం కట్టావు. బావ కసిరాడు. నువ్వు లోపలికి వెళ్ళి, నేను పనికిరాని మనిషినయిపోయానని ఏడ్చావు. చెవులు నిక్షేపంగా ఉన్న మేమిద్దరం ఎదురెదురుగా నిలబడి తప్పు విన్నామే! నువ్వు పనికిరాని మనిషివి కాదు. ఇంకెప్పుడూ ఆ మాట అనకు, నా మీద ఒట్టు.

పరీక్ష అయింది. నా దిమ్మను సార్ మైక్రోమీటర్‌తో నాలుగు వైపులా కొలిచి "సరి" అన్నాడు. అంతే, ఒక్క మాట. బాత్‌రూములోకి పోయి ఏడ్చాను. చిన్నసామి అన్న మిషనులో నెగ్గాడు, లెక్కలు మళ్ళీ రాయాలి. సాయంత్రం టీ అంగడి దగ్గర పక్కన కూర్చుని చుక్కలు పెట్టడం నేర్పిస్తున్నాను. వచ్చే నెల నుంచి నాకు వర్క్‌షాపులో పని. కాబట్టి నేను రావడం లేదు అక్కా. పండగలకీ, నీ మీద బెంగ పుట్టినప్పుడూ వస్తాను. ఉండిపోవడానికి మాత్రం రాను. ఇది రాయడానికి రెండు కాగితాలు చించేశాను.

ఇక నేను అడిగే పని ఒక్కటే. అంగడి ముందు కిటికీ దగ్గర, వెలుతురు పడే చోట, నా కుట్టుమిషను ఇంకా అలాగే ఉందని బావ మెసేజీ పెట్టాడు. నువ్వు రోజూ తుడిచి గుడ్డ కప్పుతున్నావట. దాన్ని తీసి లోపల పెట్టించు. నువ్వు ఆ మూటల వెనక చీకట్లో కూర్చోవద్దు, నీ కుర్చీ ఆ కిటికీ దగ్గర వేసుకో. వచ్చినవాళ్ళ పెదాలు నీకు బాగా కనిపిస్తాయి. వాళ్ళు అడిగింది గట్టిగా తిరిగి చెప్పు, తల ఊపాకే పొట్లం కట్టు. నువ్వు చెయ్యగలవు. అది ఇక నా చోటు కాదక్కా, నీది.

బావకు నమస్కారాలు. కొత్త పనిలోకి వెళ్ళేముందు మీ ఇద్దరి దీవెన కావాలి, మరచిపోకుండా రాసి పంపండి.

నీ చెల్లెలు
జయ