నా పది ఆల్రెడీలు

జూన్ 3, సోమవారం

ఈ వారం మాట ఆల్రెడీ.

సంజీవ సార్ పద్ధతి ఇది. వారానికి ఒక్క ఇంగ్లిష్ మాట. దానితో పది వాక్యాలు రాసుకుని రావాలి. గైడ్‌లోంచి ఎత్తకూడదు. మన ఇంట్లో జరిగినవే రాయాలి. నిజమైన వాక్యమైతే భయం వేసినా నోటికి వస్తుందట. బస్టాండ్ ఎదురుగా మేడమీద ఆయన క్లాసు. పదకొండు మంది ఆడవాళ్లం, ఒకటే ఫ్యాను.

గోడపక్క ఇంటి త్రివేణి, నేను ఒకే రోజు చేరాం. సాగర్ రోడ్డు మీద ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో మేట్రన్ ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. ఇద్దరం దరఖాస్తు పెట్టుకున్నాం. ఇంటర్వ్యూ పదకొండో తేదీ. కొంచెం ఇంగ్లిష్ మాట్లాడాలట. నలభై ఆరేళ్లకు ఇది నా మొదటి ఇంటర్వ్యూ. ఇరవై నాలుగేళ్లుగా ఒక ఇల్లు నడిపాను. రెండు వందల మంది పిల్లలున్న ఇల్లు నడపగలనో లేదో చూడాలని ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

అన్నం తింటూ మా ఆయన, నీకేం తక్కువైందని పోరగాండ్ల పేన్లు చూడనీకి పోతున్నవ్ అన్నాడు. మజ్జిగ పోశాను.

జూన్ 5, బుధవారం, మధ్యాహ్నం

నిన్నంతా పొయ్యి పక్కన ఒక కాగితం పెట్టుకున్నాను. ఏ పని ఎన్నింటికి పూర్తయింది, అప్పటికి ఎవరు లేచారు, ఎవరు లేవలేదు, అన్నీ రాశాను. వాక్యాలు వాటంతట అవే వచ్చాయి.

బై సిక్స్, ఐ హావ్ ఆల్రెడీ ఫిల్డ్ ద వాటర్.

మై హస్బెండ్ ఆస్క్స్ ఫర్ టీ. ఇట్ ఈజ్ ఆల్రెడీ ఇన్ హిస్ హ్యాండ్.

ఇది రాసి నాలో నేనే నవ్వుకున్నాను. నిజం అంతే. పేపర్ చూస్తూ చేతిలో గ్లాసు పట్టుకునే టీ ఏదని అడుగుతాడు.

గ్యాస్, ఇడ్లీ పిండి, ఉతికిన మా అబ్బాయి కాలేజీ యూనిఫాం. తొమ్మిది అయ్యాయి. పదోది రాలేదు.

జూన్ 6, గురువారం

వచ్చింది. వెన్ ఐ రీచ్డ్ ద హాస్పిటల్, మై మదర్ హాడ్ ఆల్రెడీ గాన్.

జూన్ 7, శుక్రవారం

సార్ తొమ్మిదింటికి టిక్కు పెట్టాడు. పదోదానికి పెట్టలేదు. దిద్దనూ లేదు. నోట్‌బుక్ మూసి రెండు చేతులతో ఇచ్చాడు.

ఆరేళ్లయింది అమ్మ పోయి. ఎల్బీనగర్ దగ్గర బస్సు కదల్లేదు. దిగి నడిచాను. చేరేసరికి ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. ఈ సంగతి తెలుగులో కూడా ఎవరికీ ఇంత తిన్నగా చెప్పలేదు.

జూన్ 8, శనివారం

సాయంత్రం త్రివేణి డాబా మీదికి వచ్చింది. ఆమె నోట్‌బుక్‌లో పేజీ చింపిన గుర్తు ఉంది, వాక్యాలు లేవు. నాకు వస్తలేవక్కా, నీవి జర చూపియ్యి, ఎట్ల రాసినవో చూస్త అంది. ఇచ్చాను. ఇవి అచ్చు అనుకుని నీ వాక్యాలు నువ్వు పోసుకో అన్నాను.

వడియాలు తీస్తూ ఆమె చేత చదివించాను. మొదటిసారి తడబడింది. మూడోసారికి నీళ్లలా వచ్చాయి. పదోది చదివి, ఇంద్రక్కా, ఇది సదువుతుంటే ఏడుపొస్తుందే అంది.

నా వాక్యాలు నాకంటే ఆమె నోట్లోనే బాగున్నాయి. ఆ మాట ఆమెకే చెప్పాను.

జూన్ 11, మంగళవారం, ఉదయం 5

నీళ్లు పట్టాను. గంజి పెట్టిన నీలం చీర తీశాను. పదీ అప్పజెప్పుకున్నాను, ఒక్కటీ తప్పలేదు.

జూన్ 11, మధ్యాహ్నం 3

వరుసగా రాస్తాను. లేకపోతే కలిసిపోతాయి.

వరండాలో నంబరు చీటీలు ఇచ్చారు. నాది మూడు, త్రివేణిది నాలుగు. ఆమె నా పక్కకు జరిగింది. అక్కా, నువ్వు లోపలికి పోతే నేనొక్కదాన్ని గీడ కూసోలేను, ఇంటికి ఉర్కుత. నీ చీటీ నాకియ్యి, ముందుగాల నేను పోయొస్త అంది. మార్చుకున్నాం. నేనే ఆమె కొంగు సర్ది పంపాను.

పావుగంటకు బయటికి వచ్చింది. కళ్లు తుడుచుకుంటోంది. ఏమైందే అంటే, ఏం లేదు, పో పో అని నా వైపు చూడకుండా గేటు వైపు నడిచింది.

లోపల ఒక మేడమ్, ఒక సార్. రోజూ మీ ఇల్లు ఎట్ల నడుస్తదో ఇంగ్లిష్‌లో చెప్పండి అన్నారు. మొదలుపెట్టాను. నీళ్ల వాక్యానికి మేడమ్ తలెత్తింది. టీ వాక్యానికి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గ్యాస్ దగ్గర ఆపేశారు.

అమ్మా, జర ఆగు, ఇవన్నీ ఇప్పుడే పోయినామె చెప్పింది గదా అంది మేడమ్. ఆమె తన బతుకు చెప్పుకున్నది, నువ్వేమో బట్టీపట్టి వచ్చినవా అంది. సార్ నవ్వి, తర్వాతది ఇడ్లీదా, యూనిఫాందా అని అడిగాడు. మేడమ్ నవ్వలేదు. పాపం, తల్లి సంగతి చెప్తూ ఏడ్చేసింది, అది కూడా చెప్తవా నువ్వు అంది.

త్రివేణి తల్లి నర్సింహమ్మ నాదర్‌గుల్‌లో ఉంది. పోయిన ఆదివారం కూతురి దగ్గరికి వచ్చి మా ఇంట్లోనే తిన్నది. పచ్చిపులుసు ఇంకొంచెం పొయ్యమంది.

నోట్‌బుక్ నా సంచిలోనే ఉంది. తేదీలు, సంజీవ సార్ టిక్కులు, అన్నీ ఉన్నాయి. తీసి బల్ల మీద పెడితే సరిపోయేది. కానీ అలా పెడితే పదోది వాళ్లు చదువుతారు. ఎవరి తల్లి చచ్చిందో అక్కడ తేల్చాలి. నా వల్ల కాలేదు.

థాంక్యూ అని లేచి వచ్చాను. కలిసి వచ్చిన ఆటోలో త్రివేణి లేదు. ముందే వెళ్లిపోయింది.

జూన్ 12, బుధవారం

నీళ్లు పట్టాను. ఆ వాక్యం లోపల పలికింది, త్రివేణి గొంతుతో.

జూన్ 14, శుక్రవారం

ఉద్యోగం త్రివేణికి వచ్చింది. మా ఆయన చెప్పులు విప్పుతూ, నేను ఆల్రెడీ చెప్పిన గదా, మనకెందుకు గవన్నీ అన్నాడు. జరిగింది ఆయనకు చెప్పలేదు. చెబితే గోడ ఎక్కి అరుస్తాడు. అప్పుడు అది ఆయన గొడవ అయిపోతుంది.

జూన్ 15, శనివారం

డాబా మీద బట్టలు తీస్తుంటే అటువైపు త్రివేణి కనిపించింది. దిగిపోబోయింది. ఆగు అన్నాను. ఆగింది.

నీ ఇల్లు లేదా, నీ వాక్యాలు లేవా అని అడిగాను.

ఉన్నయి, రాసిన కూడా. మా ఆయన ఆల్రెడీ తాగొచ్చిండు. గిన్నె ఆల్రెడీ ఇసిరిండు. గా పేజీ నేనే చింపిన. గవి చెప్తే నౌకరి ఇస్తరా అక్కా? నీ ఇల్లు చెప్తే ఇచ్చిండ్రు. నీకు గీ నౌకరి రాకున్నా నడుస్తది, నాకు నడ్వది అంది.

ఇంతవరకూ విన్నాను. అబద్ధం కాదు. మధ్యలో ఒకసారి జాలి కూడా వేసింది. నాకే కోపం వచ్చింది ఆ జాలి మీద.

నీళ్లు తీసుకున్నవ్, టీ తీసుకున్నవ్, మా అమ్మనెందుకు తీసుకున్నవే అన్నాను.

చాలాసేపు తీగకున్న క్లిప్పులు తీసి మళ్లీ పెట్టింది. వాళ్లకు ఏడుపొచ్చేది గదొక్కటే ఉండె అక్కా అంది. తర్వాత, నాకు నిజంగనే ఏడుపొచ్చింది, ఒట్టు అంది.

నమ్ముతున్నాను. అదే ఎక్కువ బాధగా ఉంది.

జూన్ 17, సోమవారం

క్లాసుకు వెళ్లలేదు.

జూన్ 20, గురువారం

నర్సింహమ్మ లడ్డూల డబ్బాతో వచ్చింది. త్రివేణి హాస్టల్లో ఉంది, ఇంటికి తాళం. మా గడప మీద కూర్చుంది. గంత సదువుకున్నోళ్ల ముంగట నా బిడ్డ ఏం చెప్పి గెలిచిందో నీకెరుకనా బిడ్డా, అడిగితే చెప్తనే లేదు అంది.

నీ గురించే చెప్పింది పెద్దమ్మా అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. నా గురించా అంది. ఇంకోసారి చెప్పమంది.

చెప్పాను.