గోడలో చెమ్మ

చెల్లీ,

నువ్వు అగ్గిపెట్టెలో పెట్టి పంపిన పురుగులు అందాయి. వ్యవసాయ కాలేజీలో పురుగుల పాఠం చెప్పే మాస్టారికి చూపించాను. నువ్వుగింజలో సగం కూడా లేని వాటిని ఆయన భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశారు.

ఇవి బట్ట కొరకవు, బియ్యం ముట్టవు, చెక్క తినవట. పాత రొట్టె మీద పట్టేలాంటి బూజే వీటి తిండి. తడిగోడ మీద కంటికి ఆనని బూజు పట్టినా చాలు, ఎక్కడినుంచో వచ్చి గుడ్లు పెడతాయి. పిల్లలూ ఆ బూజే మేసి పెరుగుతాయి. గోడ ఆరితే తిండి లేక వాటంతట అవే పోతాయి. మందు కొట్టి లాభం లేదు.

"పురుగుని తిట్టకయ్యా, ఆ గోడ కట్టిన మేస్త్రీని తిట్టు" అన్నారు. ఆ మేస్త్రీ నేనేనని ఆయనకు చెప్పలేదు.

మీ అత్తగారి గదికీ స్నానాలగదికీ మధ్య గోడలో, పైపు అతుకు దగ్గర చెమ్మ కట్టిన రోజే చూశాను. ఇంకోచోట పని ఒప్పుకుని ఉన్నాను. ఆరకపోతుందా అని పైన సిమెంటు పూసేశాను.

పురుగులు మీ అత్తగారి ట్రంకుపెట్టెలో వచ్చాయని నువ్వంటే నేనూ తలూపాను. "నా పెట్టెలో పురుగులుంటే ముందు నన్నే తినేవి కదమ్మా" అని, ఆవిడ ఆ పెట్టె పట్టుకుని చిన్నకొడుకు ఇంటికి వెళ్లిపోయారు.

ఆదివారం సుత్తీ ఉలీ తీసుకుని వస్తాను. బావగారికి నేనే చెప్పుకుంటాను. ఈలోగా నువ్వెళ్లి ఆవిడను పిలుచుకురా. రానంటే ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆవిడ వచ్చి తన గదిలో కూర్చునేదాకా నేను గోడ మీద దెబ్బ వెయ్యను.

మీ అన్నయ్య