ట్రాక్టర్‌లో దొరికిన లుంగీ ముక్క

అంబదాస్ బావకు,

ఫోన్ ఎత్తడం లేదు, అందుకే రాస్తున్నాను.

పొద్దున మన పాత ట్రాక్టర్‌కు ఆయిల్ మార్పించాను. దానికి గేర్లకూ, నాగలి లేపే హైడ్రాలిక్‌కూ ఒకటే ఆయిల్. అది దించి, ఆయిల్ వడపోసే జాలీ విప్పితే, ఒక గుడ్డ చుట్టుకొని ఉంది. నాగలి లేవనిది అందుకే. అది నా నీలిగళ్ల లుంగీ ముక్క. పోయినేడు ఆయిల్ పోస్తూ, దుమ్ము పడకుండా మూతిలో కుక్కి మరిచింది నేనే.

నువ్వు తీసుకెళ్లి దున్నుకొని తెచ్చిన మర్నాడు నాగలి లేవకపోతే, చొప్పదండి చాయ్ హోటల్‌లో అందరి ముందు, "నీకు ట్రాక్టర్ ఇచ్చుడే తప్పు, ఖరాబు చేసినవ్" అన్నాను. నువ్వు చాయ్ సగంలో వదిలి లేచిపోయావు.

"గీ గుడ్డ ఎవరిదే?" అని మెకానిక్ అడిగితే, ఈ రోజు కూడా "మా బావది కావచ్చు" అన్నాను.

ఆదివారం అదే హోటల్‌కు రా. మెకానిక్‌నూ రమ్మన్నాను. నేను ఆ చింపిన లుంగీయే కట్టుకొని వస్తాను.

నీ బామ్మర్ది