డేగకన్ను చూసిన దుప్పటి

గౌరవనీయులైన అక్కగారి దివ్య సముఖానికి,

నీ తమ్ముడు సవినయంగా నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని రాశావు కాబట్టి, ఆధారాలు అడగకుండా ఈ ఒక్కసారికి నమ్ముతున్నాను.

నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. బజారుకు వెళ్లమంటే నొప్పి. మ్యాచ్ చూడ్డానికి పక్కింటికి వెళ్లాలంటే నొప్పి లేదు. ఈ కేసు ఇంకా విచారణలో ఉంది. నా ఉద్యోగం సంగతి అడిగావు. కళ్లద్దాల దుకాణంలో గోడ మీది అక్షరాలు చూపించి, "ఇప్పుడు కనిపిస్తోందాండీ?" అని అడుగుతూనే ఉన్నాను. డిగ్రీ చదివింది ఇందుకేనా అని అమ్మ కూడా అడుగుతూనే ఉంది.

ఇక మూడో ప్రశ్న. "ఏదో ఘనకార్యం చేసి పేరు తెచ్చుకున్నావని అమ్మ రాసింది, ఏం వెలగబెట్టావురా?" అన్నావు. ఫైర్ సర్వీసు ట్రైనింగులో మీ ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు కనుక, ఈ లోకంలో నీ ఒక్కదానికే తెలియదు. మనవి చేస్తాను.

మొన్నటి వరదకు ఏటి ఒడ్డున ఇళ్లన్నీ మునిగాయి. ఆ జనాన్ని మన మూతపడ్డ సినిమా హాల్లో ఉంచారు. వాళ్లకోసం విజిల్ టీచర్ ఆన్‌లైన్‌లో ఒక పేజీ తెరిచింది. మనకు డ్రిల్లు చెప్పిన టీచరే. రిటైరైనా మెడలో విజిల్ తియ్యలేదు. ఆ పేజీలో ఒక చిన్నపిల్ల ఫొటో పెట్టింది. ఆ పిల్ల దుప్పటి కప్పుకుని, దీనంగా చూస్తూ కూర్చుంది. కింద టీచర్ "చలికి వణుకుతున్నాం, దుప్పట్లు పంపండి" అని రాసింది. ఊరంతా కళ్లు తుడుచుకుని షేర్ చేసింది. ఒక దుప్పట్ల వ్యాపారి లారీ నింపి పంపుతానన్నాడు.

నేను మాత్రం కళ్లు తుడుచుకోలేదు, చికిలించాను. వరదలో ఇల్లు పోయిన పిల్ల గోళ్లకు అంత కొత్త రంగు ఎక్కడిది? దుప్పటి మడతలు ఇస్త్రీ బల్ల మీంచి ఇప్పుడే లేచివచ్చినట్టు ఎందుకున్నాయి? తవ్వాను. టీచర్ సొంత పేజీలో అదే పిల్ల, కేకు ముందు నవ్వుతూ దొరికింది. సాక్షాత్తూ ఆవిడ మనవరాలు!

నేను "డేగకన్ను" అనే పేరుతో ఇలాంటి బండారాలు బయటపెడుతుంటానని నీకు తెలుసు కదా. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, "వరద బాధితురాలా? వాటాదారా?" అని రాశాను. అక్కా, అది పాకినట్టు నా జన్మలో ఏదీ పాకలేదు. మా ఓనరు కూడా, నేనే రాశానని తెలియక, నాకే చూపించి "చూశావా, ఎలాంటి మనుషులున్నారో!" అన్నాడు. వినయంగా తలూపాను. ఇదీ అమ్మ రాసిన ఘనకార్యం.

ఇక్కడితో ఉత్తరం ముగించి సంతకం పెడదామనుకున్నాను. కానీ నీకు రాసేటప్పుడు దాచడం నాకు చేతకాదు.

టీచర్ని సాక్ష్యాలతో పట్టుకుందామని సినిమా హాలుకు వెళ్లాను. సాయం చేయడానికి వచ్చానని చెప్పి లోపలికి దూరాను. కుర్చీల వరసల మధ్య నేల మీద అట్టలు పరుచుకుని జనం పడుకున్నారు. తెర చించి పిల్లలకు కప్పారు. ఒక ముసలాయన దగ్గు పై రేకులకు తగిలి తిరిగొస్తోంది. అయినా నా బుద్ధి ఊరుకోదు కదా, అట్టలు సర్దుతున్న ఒకావిడను అడిగాను.

"ఇంతమంది ఉన్నారు కదా, మీ పిల్లల ఫొటోలే పెట్టొచ్చుగా?"

"పెట్టు బాబూ, పెట్టి నాకు ఉద్యోగం కూడా చూపించు. నాలుగిళ్లల్లో అంట్లు తోముతాను. వరద క్యాంపులో ఉంటున్నానని తెలిస్తే, ఏ రోగం తెస్తుందోనని గడప తొక్కనిస్తారా?"

"ఆ సంగతి టీచర్‌కి చెప్పారా?"

"మేం చెప్పబట్టే మా మొహాలు పెట్టలేదు ఆవిడ. ఎవడో కళ్లున్న కబోది దొంగ పేజీ అని రాశాడంట. దుప్పట్ల లారీ సగం దారిలోంచి వెనక్కిపోయింది."

ఆ కబోది అక్కడే నిలబడి అట్టలు అందించాడక్కా.

ఇంటికొచ్చి "పొరబాటు నాది" అని రాశాను. ఒక్కడూ పట్టించుకోలేదు. పట్టించుకున్న ఇద్దరూ "ఎంత ముట్టింది?" అని అడిగారు. హాల్లో ముసలాయన దగ్గు ఎక్కువైంది. ఇంక ఆగలేక టీచర్ దగ్గరికెళ్లి, "ఆ డేగకన్ను నేనే టీచర్" అన్నాను. ఆవిడ విజిల్ ఊదలేదు. అందుకే భయమేసింది.

"మొహం లేకపోతే జనం ఆగి చూడరురా," అంది చివరికి. "వీళ్ల మొహాలు పెట్టనని మాటిచ్చాను. మా పిల్లకేమో ఫొటో అంటే పిచ్చి. కూర్చోబెట్టాను. మా మనవరాలేనని కింద రాసుంటే సరిపోయేది, నాకు తట్టలేదు. సరే, నువ్వు తప్పయిందని రాస్తే ఎవరైనా చదివారా?"

"లేదు టీచర్."

"మంచి మాట ఎవడు చదువుతాడు? నీకు చేతనైందే రాయి. అనుమానం రాయి."

రాశాను. "ఈ సినిమా హాలు గురించి ఎవరేం చెప్పినా నమ్మకండి. నన్ను అసలే నమ్మకండి. దమ్ముంటే వచ్చి చూసుకోండి. ఫోన్లు మాత్రం గేటు దగ్గర ఇచ్చి వెళ్లాలి." ఇంక చూస్కో! ఫోన్లెందుకు లాక్కుంటున్నారు, ఏదో దాస్తున్నారు అని ఊరంతా గుప్పుమంది. మర్నాడు పొద్దున్నే డిటెక్టివులు బారులు తీరారు. మొహం చూపించలేనివాళ్లను టీచర్ అప్పటికే ప్రొజెక్టర్ గదిలోకి పంపేసింది. టీచర్ విజిల్ ఊది వరసలో నిలబెట్టింది. నన్ను టికెట్ల కిటికీలో కూర్చోబెట్టి ఫోన్లు తీసుకోమంది. ఒకాయన అట్టల కింద కూడా తడిమి చూసి, ఏమీ ఇవ్వకుండా, నన్ను కొరకొరా చూసి వెళ్లిపోయాడు. ఒకావిడ మాత్రం తన ఒంటిమీది స్వెట్టరు విప్పి, లోపలే వదిలి వచ్చింది.

మధ్యాహ్నం దుప్పట్ల వ్యాపారి వచ్చాడు. మొహం గంటుపెట్టుకుని ఒక్కో వరసా తిరిగాడు. ముసలాయన దగ్గర చాలాసేపు ఆగాడు. తిరిగొచ్చి ఫోన్ ఇమ్మన్నాడు. పోలీసులకేననుకుంటూ అందించాను. "ఒరే, లారీ మళ్లీ ఇటు తిప్పు," అన్నాడు ఫోన్లో.

ఆ తర్వాత కిటికీలోకి వంగి, "ఇంతకీ ఆ డేగకన్నుగాడు ఎవడయ్యా? దొరికితే నాలుగు పీకుదామని!" అన్నాడు.

"నేనేనండి," అన్నాను, లేచి నిలబడి.

ఎగాదిగా చూశాడు. "ఊరుకోవయ్యా, ఎవణ్ణో కాపాడుతున్నావు," అని వెళ్లిపోయాడు.

ఇట్లు,
నువ్వైనా నమ్మాలని వేడుకుంటూ,
నీ తమ్ముడు